బంగారు గిన్నె ముట్టని పిల్లి

కుముదగిరి రాజుగారికి లేకలేక పుట్టిన కొడుకు మణిధరుడు. ఒకనాడు వేటలో ఆకలేసి ఒక జోగురాలి గుడిసెకు వెళ్లాడు. ఆమె పోసిన అంబలిని చూసి మూతి విరిచి పక్కకు తోసేశాడు. "తిండికి వంకలు పెట్టేవాడా, పిల్లివైపో! ఇష్టపడి కడుపునిండా తిన్ననాడే మళ్లీ మనిషివవుతావు" అని ఆమె శపించింది. రాకుమారుడు తెల్లపిల్లి అయిపోయాడు. వెంట వచ్చిన భటులు పిల్లిని కోటకు తెచ్చి శాపం సంగతి చెప్పారు.

పిల్లికి తిండి పెట్టడం ఎంతపని అనుకున్నారందరూ. రాకుమారుడికి ఇష్టమైన పాయసం, బూరెలు లోతైన బంగారు గిన్నెలో పెట్టారు. కోటలో ఒక ఆచారం ఉంది. ఏది వండినా ముందు ఒక సేవకుడు రుచి చూడాలి. అతనికి విషం ఎక్కలేదని తేలడానికి ఒక గడియ ఆగి, అప్పుడే వడ్డించాలి. పిల్లి వాసన చూసి వెళ్లిపోయేది. చేపల కూర పెట్టినా అంతే. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అని దాసీలు గుసగుసలాడారు.

పిల్లి చిక్కి శల్యమైంది. రాజుగారి కోపం వంటపెద్ద ఓబన్న మీదికి మళ్లింది. అతణ్ణి చెరలో వేయించి, పున్నమిలోగా పిల్లి తినకపోతే తల తీయిస్తానన్నాడు. పున్నమి ఇక వారం రోజులే.

ఓబన్న కూతురు చెంగల్వ ఏడుస్తూ కూర్చునే రకం కాదు. పిల్లి సంగతి పులికి తెలియక ఎవరికి తెలుస్తుందని, సద్దిమూట కట్టుకుని నల్లకొండ అడవికి బయలుదేరింది. పులంటే భయం లేక కాదు, తండ్రి మీద ప్రేమ అంతకంటే ఎక్కువ.

మూడోనాడు కనుమలో గుండోదరుడనే రాక్షసుడు అడ్డుపడ్డాడు. "నిన్ను తినాల్సిందే పిల్లా! కానీ పాడు పడిశం. ఏం తిన్నా మట్టి నమిలినట్టుంది" అని మూలిగాడు.

"నీ ముక్కు బాగుచేస్తే నన్ను వదిలేస్తావా?"

"ఒట్టు!"

చెంగల్వ వావిలాకు వేసి నీళ్లు మరిగించి ఆవిరి పట్టించింది. రాక్షసుడి తుమ్ముకు రెండు చెట్లు విరిగాయి. తాను పొద్దున కాల్చుకున్న చేపను మూటలోంచి తీసి ఇస్తే వాడు పెదవి విరిచాడు. నిప్పుల మీద కాస్త వెచ్చజేయగానే లొట్టలేస్తూ లాక్కున్నాడు. "వాసన తగిలితేనే గదా ఆకలి పుట్టేది!" అన్నాడు. కోటలో గడియసేపు చల్లారే కూర చెంగల్వ మనసులో మెదిలింది.

నల్లకొండ గుహలో ముసలి ఆడపులి కడుపునిండా దుప్పిని తిని పడుకుని ఉంది. చెంగల్వ దండం పెట్టి తేనెపట్టు కానుకిచ్చింది. పులి ఒకసారి నాకి, "రుచీ పచీ లేదు" అంది.

"తీపి కదా, పులిరాణీ!"

"తీపి అంటే ఏమిటి?" అని అడిగింది పులి.

కోటలో పిల్లి ముట్టని పాయసం, బూరెలు చెంగల్వకు గుర్తొచ్చాయి. పిల్లి కథంతా చెప్పింది. బంగారు గిన్నె మాట వినగానే పులి చిరాకుపడింది. "లోతు గిన్నెలో మూతి పెడితే మీసాలు అంచుకు రాసుకుంటాయి. ఆ బాధ నీకేం తెలుసు? మా జాతికి మీసాలే చేతులు. వెళ్లు, పరిచిన ఆకు మీద పెట్టు."

పున్నమినాటి మధ్యాహ్నానికి చెంగల్వ కోట చేరింది. ముళ్లు తీసిన వేడి చేపను మోదుగాకులో పెట్టి, గడియ ఆగకుండా వడ్డించనివ్వమంది.

"విషం ఉంటే?" అన్నాడు రాజు.

"మా నాన్న తల మీ కత్తి కింద ఉంది మహారాజా. నేను విషం పెడతానా?"

రాజు తలూపాడు. పిల్లి వాసన చూసింది. ఆకు చుట్టూ ఒకసారి తిరిగింది. ఆపైన తినడం మొదలుపెట్టి, ముక్క మిగల్చకుండా తినేసింది. మరుక్షణం పిల్లి ఉన్నచోట అరచేయి నాక్కుంటూ మణిధరుడు కూర్చుని ఉన్నాడు.

"మీరంతా రాకుమారుడికి పెట్టారు నాన్నగారూ. పిల్లికేం కావాలో ఈమె ఒక్కతే కనుక్కుంది" అన్నాడు.

వాళ్లిద్దరి పెళ్లి, పట్టాభిషేకం అన్నీ తర్వాత ఘనంగా జరిగాయి. ఆ పూట మాత్రం చెంగల్వ పళ్లెం పట్టుకుని చెరసాలకు పరుగెత్తింది. ఓబన్న వారం రోజులుగా మెతుకు ముట్టలేదు. కూతురు వేడన్నం కలిపి ముద్ద నోటికందించింది. ఓబన్న నమిలి, కళ్లు తుడుచుకుని, "ఉప్పు కాస్త తగ్గిందమ్మా" అన్నాడు.