యంత్రానికి అందని రంగు

అంగారకం మీద సాయంత్రాలు నీలంగా ఉంటాయి. పగలంతా గులాబీ దుమ్ముతో నిండిన ఆకాశం, పొద్దుగూకే వేళకు సూర్యుడి చుట్టూ నీలి మసక కప్పుకుంటుంది. ఆ వెలుగు గాజు గోపురంలోంచి జారి కొత్తపేరాల ఊళ్లోని అద్దకపు తొట్లమీద పడితే, ఎంత పనిలో ఉన్నవాళ్లయినా చేతులు తుడుచుకుని కాసేపు నిలబడిపోతారు.

ఇక్కడికొచ్చిన మొదటితరం వాళ్లు ఓ ఆచారం పెట్టుకున్నారు. తొట్టిలోంచి తీసిన నూలు చిలపను, అంటే పోగుల కట్టను, గుమ్మానికి వేలాడదీస్తే, ఇంటి పెద్దకూతురు ఆ రంగుకు పేరు పెట్టాలి. పేరులేని రంగు మగ్గం ఎక్కదు.

నాగేంద్రమ్మకు పుట్టిన ఆడపిల్లలేమో కవలలు, రాజ్యం, సామ్రాజ్యం. ఎవరు ముందో చెప్పకుండానే ఆవిడ కన్నుమూసింది. ఆవిడ అద్దిన ఆఖరి చిలపను రాజ్యం నెమలికంఠం అంది. సామ్రాజ్యం శంఖుపువ్వు రంగంది. మాటా మాటా పెరిగి పదకొండేళ్లుగా అక్కచెల్లెళ్లకు మాటల్లేవు. ఇంట్లో పొయ్యిలు రెండయ్యాయి. పెట్టెలో చిలప మాత్రం అంచుల్లో వెలిసిపోతోంది.

అది చూసినప్పుడల్లా వాళ్ల తమ్ముడి కూతురు మృణాళిని రోజులు లెక్కపెట్టేది. ఇంకో ఏడాది ఆగితే నాయనమ్మ చేతిరంగు ఉత్త తెల్లనూలైపోతుంది. ఆమె మెదడు శాస్త్రవేత్త. ఎనిమిదేళ్లు కష్టపడి ‘పరచూపు’ తయారుచేసింది. చూడ్డానికి రెండు జాలీ టోపీలు, అంతే. కన్ను పట్టేది వెలుగునే, దాన్ని రంగుగా మార్చేది మెదడు వెనకభాగంలోని విజువల్ కార్టెక్స్. అక్కడ ఒకరికి కనిపించే దృశ్యాన్ని, రంగుతో సహా, ఈ టోపీ రెండోవారికి ఉన్నదున్నట్టు అందిస్తుంది. అత్తల మీద ఈ పరీక్ష నెగ్గితే, గోపురాన్ని నడిపే సభ ఆమోదం ఖాయం. అయినా ఆమె ఆశ వేరు. ‘నీకు ఇలా కనిపిస్తోందా!’ అని ఒకరితో ఒకరు అంటే చాలనుకుంది.

నీలిపొద్దులో చిలపను గుమ్మానికి కట్టి, ఇద్దరికీ టోపీలు పెట్టింది.

“దానికి నా చూపెందుకే? దాని పంతం దానిదేగా,” అంది రాజ్యం.

“చూడమను, అప్పుడన్నా బుద్ధొస్తుంది,” అంది సామ్రాజ్యం గోడతో.

యంత్రం చిన్నగా మోగింది. ఇద్దరూ చిలపకేసి చూశారు. తర్వాత మెల్లగా తలలు తిప్పి ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరికి వారే ఎదుటివాళ్ల కళ్లలోంచి తమ ముఖం చూసుకున్నారు. అచ్చం అమ్మ ముఖం.

యంత్రం తెరమీద అంకె వెలిగింది. ఇద్దరూ చూసిన రంగులో తేడా సున్నా.

“నీ మిషను చెడిపోయిందే!” అన్నారిద్దరూ ఒక్కసారే.

“లేదత్తా, నూరుసార్లు సరిచూశాను...”

“నోరుముయ్యవే! అది చూసిందీ నేను చూసిందీ ఒకటే అయితే, పదకొండేళ్లూ మేమెందుకు మాట్లాడుకోలేదంటావ్?” అంది రాజ్యం, టోపీ లాగి పడేసి.

“మేమేమన్నా పిచ్చోళ్లమటే?” అంది సామ్రాజ్యం. రాజ్యం చేతిని ఎప్పుడు పట్టుకుందో తనకే తెలీదు.

మృణాళిని ఆ రెండు చేతులకేసీ, తెరమీది సున్నాకేసీ చూసింది. మెల్లగా తెర ఆపేసింది.

“అవునత్తా. చెడిపోయినట్టుంది.”

“అట్టా చెప్పు! అమ్మ రంగు దీనికేం అందుతుందీ?” అంది రాజ్యం కళ్లు తుడుచుకుంటూ.

“అదే పేరు రాయి. యంత్రానికి అందని రంగు,” అంది సామ్రాజ్యం.

“ఆఁ, అదీ మాట!” అంది రాజ్యం.

ఇద్దరూ చిలప చెరో కొసా పట్టుకుని, యంత్రాన్ని తిట్టుకుంటూ మగ్గంవైపు నడిచారు. మృణాళిని సభకు పంపాల్సిన కాగితం తీసింది. ఫలితం అన్నచోట కాసేపు ఆగి, ‘పరికరం విఫలం’ అని రాసి సంతకం పెట్టింది. లోపల మగ్గం చప్పుడు మొదలైంది.