స్కోరెంత, తాతగారూ?

బ్రయనీకి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. తాత హోరెస్ ఏదో ఒక రోజు ఆల్డర్‌బీ క్రికెట్ మైదానంలో, ఆ ఆకుపచ్చ బెంచీ మీద, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోతాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నిద్రపోతున్నాడనుకుంటారు.

అనుకోరా మరి? ఆ మైదానంలో సగం మంది నిద్రపోతూనే ఉంటారు. ఫెన్‌షైర్ జట్టు ఆట అలా ఏడిసింది.

హోరెస్‌కి చూపు మందగించి చాలాకాలమైంది. కళ్ళు మూసుకుని, బ్యాటుకి బంతి తగిలే చప్పుడు విని ఆట చెప్పేస్తాడు. "కళ్ళు తెరిచి చూస్తే ఒళ్ళు మండిపోతోందే పిల్లా, ఇలాగే నయం" అంటాడు. పైగా, పుట్టి బుద్ధెరిగాక ఆట మధ్యలో ఒక్క కునుకు తీయలేదని ఊరంతా చెప్పుకుంటాడు.

బ్రయనీని పెంచింది ఆయనే. కూతురు మేబెల్ కడుపులో పడ్డప్పుడు ఆమె చదువు ఆగిపోయింది. ఆ పిల్ల తండ్రి ఊరు వదిలి వెళ్ళిపోయాడు. అప్పుడు కూడా "ఏం పర్లేదులే" అన్నది తాత ఒక్కడే. అందుకే పొద్దున బేకరీలో రొట్టెలు సర్దుతున్నంతసేపూ ఆమె మనసు ఆ బెంచీ చుట్టూనే తిరుగుతుంది. పని అవగానే ఫ్లాస్కులో టీ పోసుకుని, మూడేళ్ళ మేబెల్‌ని పిల్లల బండిలో కూర్చోబెట్టుకుని మైదానానికి పరుగు.

ఆరోజు ఏప్రిల్ చలి కొరికేస్తోంది. ఎండ కాసే నెలలన్నీ ఇరవై ఓవర్ల తమాషాకి రాసిచ్చేసి, నాలుగు రోజుల అసలు ఆటని మంచుకీ ముసురుకీ వదిలేశారు పెద్దమనుషులు. దుప్పట్లు కప్పుకుని కూర్చున్న ముసలివాళ్ళని దాటుకుంటూ ఆమె బౌలర్ వెనక నిలబెట్టే పెద్ద తెల్ల తెర దాకా వచ్చింది. తాత బెంచీ దానికి అవతల. దారి తెర ముందు నుంచే.

"ఆగండి! ఓవర్ నడుస్తోంది." పసుపు కోటు వేసుకున్న కుర్రాడు బండికి అడ్డం నిలబడ్డాడు. మైదానంలో జనాన్ని అదుపులో పెట్టే కొత్త స్టీవార్డు. పొడుగ్గా, చలికి ఎర్రబడ్డ ముక్కుతో ఉన్నాడు.

"టీ ఇచ్చి వచ్చేస్తానండీ."

"తెర ముందు చీమ కదిలినా బ్యాట్స్‌మన్‌కి కనబడుతుంది. ఓవర్ అయ్యాక వెళ్ళండి."

"మా బ్యాట్స్‌మన్లకి బంతే కనబడి చావదు. చీమ కనబడుతుందా?"

వెనక ఎవరో ఫక్కున నవ్వారు. అతను మాత్రం పెదవి బిగబట్టుకున్నాడు.

"ఇంకా రెండు బంతులే."

"అదిగో మా తాత! కళ్ళు మూసుకుని ఉన్నాడు, చూడండి. ఆయన పోయాడో ఉన్నాడో ఎవరికి తెలుస్తుంది? పోయేవాడు కూడా మీ ఓవర్ అయ్యేదాకా ఆగి పోవాలా?" అది కోపమో, భయమో ఆమెకే తెలియలేదు.

అతను జవాబు చెప్పేలోగా వికెట్లు ఎగిరిపడ్డాయి. మైదానమంతా ఉసూరుమంది. కళ్ళు తెరవకుండానే హోరెస్ గావుకేక పెట్టాడు. "సిగ్గులేని వెధవ! కాలు కదిపాడా అసలు?"

"ఉన్నారండీ" అన్నాడు పసుపు కోటు, చాలా వినయంగా. "దివ్యంగా ఉన్నారు."

బ్రయనీకి ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే అతని పేరు చూసింది, కోటు మీద రాసుంది. ఎలియట్ అట, ఎలియట్!

మే వెళ్ళింది, జూన్ వెళ్ళింది. ఫెన్‌షైర్ ఓడుతూనే ఉంది. చేతిలోకి వచ్చిన క్యాచ్‌లు వేడి బంగాళదుంపలన్నట్టు వదిలేశారు. ఉన్న ఒక్క మంచి బౌలర్‌ని దేశం జట్టువాళ్ళు పట్టుకెళ్ళి, ఆడించకుండా నీళ్ళసీసాలు మోయించారు. "మా వాడితో మంచినీళ్ళు మోయించడానికి మీకు ఇంకెవరూ దొరకలేదా?" అని హోరెస్ రేడియోతో పోట్లాడాడు.

అంతకన్నా ఎక్కువగా ఆయన తిట్టింది ఎలియట్‌ని.

"వట్టి మొద్దువెధవే వాడు! ఎదురుగా స్కోరుబోర్డు మీద తాటికాయలంత అంకెలుంటాయా? అయినా ఓవర్ అవగానే నా దగ్గరికొచ్చి 'స్కోరెంత, తాతగారూ' అంటాడు. ఇప్పుడే కదరా చెప్పి చచ్చాను! మళ్ళీ ఓవర్ అవగానే తయారు!"

బ్రయనీకి తల తిరిగిపోయింది. చూపు లేని ముసలాయనతో వేళాకోళమా?

మర్నాడు వాన. పిచ్ మీద కవర్లు లాగేశారు. జనమంతా పెవిలియన్‌లో దూరారు. తెర పక్కన ఒక ఊచ విరిగిన గొడుగు కింద ఎలియట్ ఒక్కడే నిలబడి తడుస్తున్నాడు. ఆమె సరాసరి వెళ్ళి నిలదీసింది.

"మా తాతకి చూపు ఆనదని తెలిసే ఆట పట్టిస్తున్నారా? మీకు తాతల్లేరా?"

అతను బిత్తరపోయాడు. "మరేం అడగమంటారు? 'బతికే ఉన్నారా' అని అడగలేను కదా!"

"ఏంటీ?"

"మీరే అన్నారుగా, కళ్ళు మూసుకుంటే ఎవరికి తెలుస్తుందని. నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. స్కోరు అడిగితే ఆయన తిడతారు. తిట్టు వినబడితే హమ్మయ్య అనుకుని వచ్చేస్తాను."

వాన గొడుగు మీంచి జారి ఇద్దరి మధ్యా ధారలా పడుతోంది. బ్రయనీ చేతిలో బేకరీ నుంచి తెచ్చిన, మాంసం కూరిన సాసేజ్ రోల్ ఉంది. అది అతని చేతిలో పెట్టేసి గిర్రున తిరిగి వచ్చేసింది.

"ఇది క్షమాపణా?" వెనకనుంచి అరిచాడు.

"కాదు! నిన్నటిది, మిగిలిపోయింది!"

అప్పుడే కాల్చింది కాబట్టి అది వేడిగా ఉంది. అతనికి తెలిసిపోయింది.

ఆ తర్వాత భోజన విరామాల్లో జనం మైదానంలోకి దిగి పిచ్ చూడబోతుంటే వాళ్ళిద్దరూ కూడా నడిచేవారు. మేబెల్ ఎలియట్ భుజాల మీదెక్కి అతని చెవులు పట్టుకునేది. మీరు కాస్తా నువ్వు అయింది. అతని నవ్వు చూసినప్పుడల్లా బ్రయనీకి గుండెలో ఏదో తీపిగా కదిలేది, వెంటనే భయం వేసేది.

"పిల్లకి అలవాటైపోతున్నావు ఎలియట్. అలవాటు చేసి వెళ్ళిపోయేవాళ్ళని ఒకసారి చూశాను నేను."

"నేను స్టీవార్డుని అమ్మాయ్. ఓవర్ అయ్యేదాకా నేనే కదలను, ఇంకెవర్నీ కదలనివ్వను."

సెప్టెంబర్‌లో ఆఖరి మ్యాచ్. గెలవక్కర్లేదు, ఓడకపోతే చాలు, ఫెన్‌షైర్ కింది డివిజన్‌లోకి జారిపోకుండా నిలబడుతుంది. ఆఖరి జోడీ ఆడుతోంది. వెలుతురు తగ్గుతోంది. మైదానంలో ఊపిరి చప్పుడు కూడా లేదు.

బౌండరీ తాడు పక్కన ఎలియట్ గొంతు సవరించుకున్నాడు. "బ్రయనీ, ఒక మాట..."

"ఓవర్ కానివ్వు" అంది ఆమె.

బంతి బ్యాటు పక్కనుంచి దూసుకుపోయింది. జనమంతా హా అన్నారు. హోరెస్ తిట్టలేదు.

ఆమె తల తిప్పి చూసింది. తాత గడ్డం గుండెల మీదికి వాలిపోయింది. గోధుమరంగు టోపీ గడ్డిలో పడి ఉంది.

"ఎలియట్..." అంది.

అతను అప్పటికే పరిగెడుతున్నాడు. బౌలర్ పరుగు మొదలెట్టేశాడు, అయినా పసుపు కోటు రెపరెపలాడించుకుంటూ తెల్ల తెర ముందు నుంచి అడ్డంగా దౌడు తీశాడు. బ్యాట్స్‌మన్ చెయ్యెత్తి పక్కకి తప్పుకున్నాడు. మైదానమంతా కూతలు, తిట్లు. ఎలియట్ బెంచీ ముందు మోకాళ్ళ మీద పడ్డాడు.

"స్కోరెంత, తాతగారూ? తాతగారూ!"

హోరెస్ కళ్ళు తెరిచాడు. "ఎవడ్రా ఓవర్ మధ్యలో తెర ముందు పరిగెత్తింది?"

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కునుకు తీశాడు ఆ మహానుభావుడు!

దృష్టి చెదిరిన బ్యాట్స్‌మన్ వికెట్లు తర్వాతి బంతికే ఎగిరిపోయాయి. ఫెన్‌షైర్ కింది డివిజన్‌లో పడింది. ఇక చూడాలి జనాన్ని. అందరి వేళ్ళూ ఎలియట్ వైపే. క్లబ్బువాళ్ళు వచ్చి అక్కడికక్కడే కోటు విప్పించుకున్నారు. ఏడాది పొడుగునా క్యాచ్‌లు నేలపాలు చేసినవాళ్ళ కొలువులు పదిలం. ఒక ముసలి ప్రాణం కోసం పరిగెత్తినవాడి కొలువు ఊడింది. ఇదెక్కడి న్యాయం?

హోరెస్ నిప్పులు కక్కుతున్నాడు. "వాడి పేరు నా ముందు ఎత్తొద్దు! జట్టుని ముంచాడు!"

"తాతా, ఎలియట్ స్కోరు అడిగేది నువ్వు చచ్చిపోయావేమో అని" అంది మేబెల్, బిస్కట్ నములుతూ. "అమ్మకి భయం. బేకరీలో ఏడుస్తుంది. ఇందాక ఎలియట్ ఏదో మాట చెప్పబోతే, ఓవర్ కానివ్వు అంది."

హోరెస్ గడ్డిలోంచి టోపీ తీసి, దులిపి, మళ్ళీ పెట్టుకున్నాడు. చేత్తో తడుముకుని బ్రయనీ చెయ్యి పట్టుకున్నాడు. జనం పల్చబడుతున్నారు. ఆయన గొంతెత్తాడు.

"ఒరేయ్ పసుపు కోటూ!"

కోటు లేని ఎలియట్ వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"స్కోరెంత?"

"ఆలౌట్, తాతగారూ. ఓడిపోయాం. నా వల్లే."

"నోర్ముయ్! ఏప్రిల్ నుంచి ఓడుతుంటే నీ ఒక్కడి వల్లా? ఈ ఏడాది మొత్తంలో ఈ మైదానంలో ప్రాణం పెట్టి పరిగెత్తింది ఒక్కడే. వాడికి జీతమిచ్చే బుద్ధి మా క్లబ్బుకి లేదు." ఆయన ముక్కు చీదుకున్నాడు. "ఇందాక ఏదో మాట అనబోయావటగా? ఓవర్ అయిపోయింది. ఏడువు."

ఎలియట్ బ్రయనీ వైపు తిరిగాడు. ముక్కు మళ్ళీ ఎర్రబడింది, ఈసారి చలి వల్ల కాదు.

"నన్ను పెళ్ళి చేసుకుంటావా? ఇప్పుడు ఉద్యోగం కూడా లేదు మరి."

"సీజనే అయిపోయింది" అంది బ్రయనీ, నవ్వూ ఏడుపూ ఒక్కసారే వస్తుంటే. "ఇంకా ఎంతసేపు ఆగమంటావు?"

పెళ్ళి ఏప్రిల్‌లో. అయ్యాక ముగ్గురూ కొన్నాళ్ళు సముద్రం ఒడ్డుకి వెళ్తున్నారు. హోరెస్‌ని రమ్మని బతిమాలారు. పెళ్ళికి వస్తానన్నాడు గానీ, సీజన్ మొదటి మ్యాచ్ మానేది లేదన్నాడు. "కింది డివిజనైతే మాత్రం? తిట్టడానికి నేను లేకపోతే ఆ వెధవలు ఇంకా పాడైపోరూ?"

అందుకే ఒక్క మాట. ఆ రోజుల్లో మీలో ఎవరైనా ఆల్డర్‌బీ మైదానం వైపు వెళ్తే, తెల్ల తెర పక్కన ఆకుపచ్చ బెంచీ మీద గోధుమరంగు టోపీ పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఒక ముసలాయన కూర్చుని ఉంటాడు. కాస్త దగ్గరికెళ్ళి స్కోరెంతని అడగండి. తిడితే మీ దారిన మీరు వెళ్ళిపోవచ్చు.

అడగడానికి మాత్రం ఓవర్ అయ్యేదాకా ఆగకండి.