చెయ్యి లోపలికి

కెజియా పొద్దుటి నుంచీ పత్తి ఏరుతోంది. చేత్తో కాదు, తెర మీద. క్రిస్మస్ రైలు నేత కోసం వచ్చిన ప్రతి జ్ఞాపకపు పోగులోనూ పట్టాల పక్కన మంచుకు బదులు పరిచిన పత్తి ఉంది. ఒక దాతకు అది కొండంత. ఇంకో దాతకు జోడుకు అంటుకున్న చిన్న పింజె. నేతయంత్రం అన్నిటినీ కలిపి నలుగురికీ నచ్చే మంచు ఒకటి తయారుచేసింది. అందులో ఇమడనివి ఎర్రచుక్కలై మిగిలాయి. వాటిని నలుసులంటారు. చూసి, తుడిచెయ్యడం చూపరి పని. కెజియా చూపరి.

గుంటూరులో ఆ రైలు తిరిగిన దుకాణం ఇప్పుడు లేదు. అన్నీ ఒకేచోట దొరికే నాలుగంతస్తుల కొట్టు అది. డిసెంబరు వచ్చిందంటే పై అంతస్తులో పిల్లల రైలు తిరిగేది. కొట్టులో ఏదైనా కొన్నవాళ్ళ పిల్లలనే ఎక్కనిచ్చేవాళ్ళు. అప్పుడు ఎక్కిన పిల్లలు ఇప్పుడు ముసలివాళ్ళై, తమ జ్ఞాపకంలోంచి తలా ఒక పోగు ఇచ్చారు. ఈ సాయంత్రం నేతకు ముద్ర పడుతుంది. పడగానే పోగులన్నీ కరిగిపోతాయి. రేపు పండగ నాడు ఊళ్ళో నేతను కళ్ళముందు నిలిపే తలపట్టీ పెట్టుకున్నవాళ్ళంతా ఆ ఒక్క రైలే ఎక్కుతారు.

పోగు మొత్తాన్ని తీసెయ్యాల్సివస్తే దాతకు ఎదురుగా కూర్చుని చెప్పాలని నియమం. ఆ రోజు అలాంటి పోగు ఒకటే ఉంది. దాని తాలూకు మనిషి తబితమ్మ, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని ముందుగదిలో కూర్చుని ఉంది.

"పెద్దమ్మా, మీరు రైలెక్కినట్టు ఇందులో లేదు," అంది కెజియా.

"ఎక్కితే గదా ఉండేది. నేను పత్తికొండ ఎనక కూకునేదాన్ని."

"ఎందుకని?"

"మా అమ్మ ఆడ ఊడ్చేది. పత్తి పట్టాల మీద పడితే చక్రాలకి చుట్టుకునిద్దని ఆమెని మలుపులో నిలబెట్టారు. పిల్లని ఎవరికీ కనపడనియ్యొద్దన్నారు. నువ్వేం పని చేస్తావమ్మా ఇక్కడ?"

"పొద్దుటి నుంచీ ఆ పత్తే ఏరుతున్నా."

"ఇంత చదివీ పత్తేరే పనేనా? మావోళ్ళు చదవకుండానే ఏరారు."

కెజియాకు నవ్వొచ్చింది. "రైలెక్కాలని ఇచ్చారా పోగు?"

"రైలు నాకెందుకు? అమ్మ మొకం కోసం ఇచ్చా." తబితమ్మ సంచి పట్టీ సర్దుకుంది. "ఎనకమాల కూకున్నా గదా, నాకు ఆమె ఈపూ మడాలే గుర్తున్నయ్యి. మరుసటేడు కామెర్లొచ్చి పోయింది. ఫోటో లేదు. రైల్లో పిల్లకాయలు ఆమె మొకం చూసే పోయుంటారు. వాళ్ళ కాడన్నా ఉండిద్దేమోనని."

"ఉన్నా వేరేవాళ్ళ పోగు మీకు చూపించకూడదు, పెద్దమ్మా. అది వాళ్ళ సొంతం."

"చూపించొద్దులే. ఉందో లేదో చెప్పు. ఉందంటే చాలు."

కెజియా వెనక్కి వచ్చి నలుసుల్ని మళ్ళీ తెరిచింది. మలుపు దగ్గర చుక్కలు దట్టంగా ఉన్నాయి. ఒకదానిలో మోచెయ్యి. ఒకదానిలో చీపురు కొస. ఇంకోదానిలో ఆకుపచ్చ చీర అంచు, చెవి కమ్మ. ఏ రెండూ కలవడం లేదు. కలవనిదాన్నల్లా యంత్రం నలుసు కింద కట్టింది.

కాసేపు ఊరికే చూశాక తప్పు ఎక్కడుందో తోచింది. యంత్రం పోగులన్నిటినీ ఒకే క్షణం దగ్గర పక్కపక్కన పేర్చింది. పిల్లలు మాత్రం ఒకే పెట్టెలో లేరు. ఇంజను వెనక కూర్చున్నవాడు మలుపు దాటేసరికి చివరి పెట్టెలో పిల్ల ఇంకా అట్ట సొరంగంలోనే ఉంది. కెజియా గడియారం లెక్క తీసేసి, ఎవరు మలుపు దగ్గరికి వచ్చిన క్షణం వాళ్ళదిగా పోగుల్ని పేర్చింది.

ముక్కలన్నీ ఒకచోటికి చేరాయి. మనిషి నిలబడింది.

బక్కపలచటి ఆడమనిషి. పైపన్ను ఒకటి కొంచెం ముందుకు వచ్చి ఉంది. బుగ్గ మీద పత్తి పింజె. ప్రతి పెట్టె దగ్గరా వంగి, మంచు ముట్టుకోబోయిన ప్రతి పిల్లకూ ఒకటే మాట చెబుతోంది: "చెయ్యి లోపలికి పెట్టుకో నాన్నా."

కెజియా ఆ మాట రెండుసార్లు వింది.

"ముద్రకు వేళయింది," అంటూ పర్యవేక్షకుడు వీరభద్రం గారు వచ్చి తెర చూశారు. "ఎవరమ్మా ఈవిడ?"

"కొట్టులో ఊడ్చిన మనిషి సార్. అందరి పోగుల్లోనూ ఉంది. యంత్రం ముక్కలు చేసింది."

"బానే కనిపెట్టావు. తుడిచెయ్."

"నలుసు కాదు సార్."

"క్రిస్మస్ పూట జనానికి చీపురు చూపిస్తామా?"

"మా ఇంట్లో పండగంటే ముందు కనపడేది అదే సార్."

ఆయన నవ్వబోయి ఆగారు. "నేత ఎంత నున్నగా సాగుతుందో చెప్పే సాఫీ మార్కు పడిపోతుంది, కెజియా. సంతోషంగా రైలెక్కినవాడికి మధ్యలో ఎవరో మందలింపు. ముద్ర పడ్డ నేతను వచ్చే పండగదాకా ఎవరూ విప్పలేరు. ఫిర్యాదులొస్తే చూపరి చోటు పోతుంది. నేను ఆపలేను."

"తెలుసు సార్."

"తెలిస్తే సరే." ఆయన వేరే గదికి వెళ్ళిపోయారు.

కెజియా తెర వైపు చూసింది. పోగు చూపించడానికి లేదు. ముద్ర పడితే పోగే ఉండదు. బయటికి వెళ్ళేది నేత ఒక్కటే. ఆమె మలుపు దగ్గరి ఎర్రచుక్కలన్నీ ఎంచుకుని, తుడిచే మీట వదిలేసి, కలిపే మీట నొక్కింది. సాఫీ మార్కు దిగజారుతుంటే చూస్తూ కూర్చుంది. తరవాత ముద్ర వేసింది.

ముందుగదిలో తబితమ్మ లేచి నిలబడింది.

"మీ పోగు తీసేశాం, పెద్దమ్మా. ఆవిడ ఉంది. రేపు తలపట్టీ పెట్టుకోండి."

"నేను రైలెక్కలేదని చెప్పా గదా."

"ఈసారి ఎక్కండి."

పండగ నాడు ఆరాధన అయ్యాక చర్చి హాల్లో బల్లల మీద కూర్చుని అందరూ తలపట్టీలు పెట్టుకున్నారు. కెజియా గోడ పక్కన నిలబడింది. తెల్లారేసరికే ఫిర్యాదులు చేరాయి; ఆమె చోటు పోయినట్టు పొద్దున్నే కబురు వచ్చింది. నేత ఉపసంహరించే దారి వెతుకుతున్నారని కూడా అందులో ఉంది. దారి లేదని ఆమెకు తెలుసు.

రైలు కదిలినట్టుంది, ముఖాలు విచ్చుకున్నాయి. కాసేపటికి హాల్లో చేతులు చాచడం మొదలైంది. పత్తి ముట్టుకోవడానికి. అంతలోనే ముందు వరస నుంచి చివరి వరసదాకా, ఒకరి తరవాత ఒకరు, చేతులు ఒళ్ళోకి లాక్కున్నారు. అయిదో వరసలో వీరభద్రం గారు కూడా లాక్కున్నారు. పట్టీ తీసి, చుట్టూ చూసి, ఎవరో పక్కనే ఉన్నట్టు ఇంకా వెతుకుతున్నారు.

తబితమ్మ చివరి వరసలో ఉంది. ఆమె కూడా చెయ్యి చాచింది. లాక్కోలేదు. అలాగే ఉంచింది. పెదవులు కదిలాయి. రైలు మలుపు దాటి, చుట్టు తిరిగి మళ్ళీ ఆ మలుపుకు వచ్చేదాకా ఆగి, చెయ్యి ఇంకొంచెం బయటికి పెట్టింది.