హార్బర్ మీద ఎగరని డ్రోను

గౌరీశ్వరి పొయ్యి మీద నెత్తళ్ళు వేపుతోంది. పక్క గదిలో కూతురు హేమశ్రీ డ్రోను ముందేసుకుని కూర్చుంది. బ్యాటరీలు చార్జింగులో ఉన్నాయి. రెక్కలు ఒక్కొక్కటే వెలుతురుకి ఎత్తి చూస్తూ, అంచు గోరంత విరిగినదాన్ని తీసి కొత్తది బిగించింది.

విశాఖ మల్కాపురంలోని ఆ వీధిలో పరీక్ష పాసై డ్రోను పైలెట్ సర్టిఫికెట్ తెచ్చుకున్నది హేమశ్రీ ఒక్కతే. ఆ సంగతి టీ కొట్టులో చెప్పుకోకపోతే తండ్రి నీలకంఠానికి టీ దిగదు. అలా చెప్పీ చెప్పీ ఇప్పుడు ఇరుక్కున్నాడు.

"ఆదివారం మీ ఎల్లారావు మావయ్య కొత్త బోటు నీట్లోకి దింపుతన్నాడు. హార్బర్ పైనుంచి వీడియో నువ్వే తియ్యాల. నాను మాటిచ్చేసాను."

హేమశ్రీ ఫోనులో మ్యాపు చూపించింది. హార్బర్ చుట్టూ అంతా ఎరుపే. "ఇక్కడ ఎగరెయ్యకూడదు నాన్నా. పక్కనే నేవీ, పోర్టు. పైకి లేపితే డ్రోనూ పోద్ది, సర్టిఫికెట్టూ పోద్ది. పైగా కేసు."

"ఐదు నిమిషాలే కదేటి. పుట్టినకాడ్నుంచీ ఆ నీళ్ళ మీదే బతుకుతన్నాం. మన హార్బర్లో మనకి పర్మిషనేటి?"

గౌరీశ్వరి గరిటెతోనే వచ్చింది. "మా అన్న సుట్టాలందరికీ సెప్పుకున్నాడే. ఇప్పుడు కాదంటే నా మొహం ఎక్కడెట్టుకోను?"

"భీమిలి అవతల, పిన్నోళ్ళ ఊరి దగ్గర మ్యాపు పచ్చగా ఉందమ్మా. బోటు అటు తెస్తే అక్కడ తీత్తాను. ముందురోజు పోలీస్ స్టేషన్లో సెప్తాను. ఆ ఉదయం మ్యాపు మళ్ళీ సూత్తాను, గాలి సూత్తాను. జనం తలల మీదకి మాత్రం పోనివ్వను."

"అక్కడ సూసీవోడెవుడు?" నీలకంఠం గొంతు పెరిగింది. "నలుగురి ముందు నా పరువు తీత్తన్నావు. సదివించినందుకు బాగానే బుద్ధి సెప్పావు."

ఆ మాట హేమశ్రీకి గుండెలో గుచ్చుకుంది. అయినా గొంతు పెంచలేదు.

"నాన్నా, నువ్వు సరంగువి. సముద్రంలో బోటు నడిపేది నువ్వు. గాలి బాగోలేనప్పుడు ఓనరు ఫోన్ సేసి ఇంకా లోపలికి పొమ్మంటే పోతావా?"

"నానెందుకు పోతాను? ఆడు ఒడ్డున కూకుని సెప్తాడు. బోట్లో ఉన్న పేణాలకి నానే కదా జవాబు సెప్పాల."

"దీనికి నానే జవాబు సెప్పాల నాన్నా."

వంటింట్లోంచి మాడు వాసన వస్తున్నా గౌరీశ్వరి కదల్లేదు.

అంతలో ఎల్లారావు ఫోన్ చేశాడు. కాసేపు మోగనిచ్చి తీశాడు నీలకంఠం.

"బావా, హార్బర్లో డ్రోను లేదు. ఎగరేసీది నా కూతురు. వద్దంది, అంతే." అవతల చాలాసేపు చివాట్లు సాగాయి. బయట కుర్రాణ్ణెవర్ని పిలిచినా ఎగరేసి పోయేవాడన్న మాట గదిలోకి వినబడింది. "నన్ను ఎన్నన్నా అను బావా. దాన్నేటీ అనకు. అది సెప్పిందే రైటు. నానే తొందరపడి మాటిచ్చాను."

ఫోన్ పెట్టేసి, వచ్చి కూతురి పక్కన గొంతుక్కూర్చున్నాడు. డ్రోనుని ముట్టుకోకుండా అటూ ఇటూ చూశాడు.

"ఎంత గాలుంటే ఎగరెయ్యవమ్మా దీన్ని?"

గాలి సంగతి వీధిలో అందరూ వచ్చి నీలకంఠాన్ని అడుగుతారు. ఆయన ఇంకొకరిని అడగడం హేమశ్రీ ఎప్పుడూ వినలేదు. చెప్పబోతే కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి. నీలకంఠం తొందరపెట్టలేదు. ఆమె చెప్పేదాకా అక్కడే కూర్చున్నాడు.