పరుపుల షాపుకి యాప్ దేనికి?

"మనిషి జన్మలో ఎన్ని పరుపులు కొంటాడండీ?" అందామె, కౌంటర్ మీద మోచేతులు ఆనించి. "రెండో, మూడో. దానికోసం ఫోన్లో మా యాప్ పెట్టుకుని రోజూ చూసుకుంటాడా?"

కన్సల్టెంట్ లాప్‌టాప్ తెరిచాడు. చిన్న షాపుల్ని ఆన్‌లైన్‌లోకి తేవడం అతని ఉద్యోగం. పిలిపించింది ఆమె నాన్నగారు. షాపు నడిపేది మాత్రం ఆమె.

"ఇప్పుడు ట్రెండ్ అదేనండీ..."

"పోయిన నెల మీలాంటాయనే వచ్చి ట్రెండ్ అంటూ నన్ను పరుపు మీద పడుకోబెట్టి వీడియో తీయించాడు. చూసింది మా మేనత్త ఒక్కతే. చూసి తిట్టింది."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

వచ్చినప్పుడల్లా గొడవే. అతను స్లైడ్ చూపిస్తే ఆమె అందులో స్పెల్లింగులు దిద్దేది. ఆమె బేరం చేస్తుంటే అతను "డేటా" అంటూ మధ్యలో దూరేవాడు. చివరికి విసిగిపోయి, అతన్ని ఓ మూల కూర్చోబెట్టింది.

"కదలకండి. నోరు మెదపకండి. చూడండి, చాలు."

చూశాడు. వచ్చినవాళ్లంతా పరుపు నొక్కి చూసి, తమ నడుం నొప్పి గురించి ఆమెకి చెప్పుకుంటున్నారు. ఆమె ఓపిగ్గా వింటోంది. అతనూ ఆమెనే చూస్తూ ఉండిపోయాడు.

"మీకు యాప్ అక్కర్లేదు," అన్నాడు సాయంత్రం. "మ్యాప్‌లో షాపు సరిగ్గా కనబడాలి. ఫోన్ చేస్తే మీరు మాట్లాడాలి. అంతే."

"ఈ ముక్క మొదటిరోజే చెప్పి ఏడవచ్చుగా!" అంది. కళ్లు మాత్రం నవ్వాయి.

మ్యాప్ సరిచేస్తున్నానంటూ ఆ వారమంతా వచ్చాడు. ఆపైన ఒకరోజు అతని కంపెనీ నుంచి మెయిల్: యాప్ తయారీకి ప్రపోజల్. కింద అతని పేరు. ఆమెకి ఒళ్లు మండింది. అతను ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు.

మర్నాడు జోరు వానలో, తడిసి ముద్దయి వచ్చాడు. నాన్నగారు కూడా షాపులోనే ఉన్నారు.

"అది మా మేనేజర్ నా పేరుతో పంపాడండీ. వెనక్కి తీసుకోమన్నాను. అక్కర్లేదని చెప్పడానికా నీకు జీతం, అన్నాడు. మానేశాను."

"మానేశారా?" ఆమె కోపం రెట్టింపయింది. "ఎవరు మానేయమన్నారు? బుర్ర ఉందా మీకు?"

"బాబూ," అన్నారు నాన్నగారు, "అసలు మీ లైన్లో భవిష్యత్తు ఉందా?"

"తెలీదండీ. సలహాలు ఇప్పుడు కంప్యూటరే ఊరికే చెబుతోంది. షాపులో కూర్చుని, చూసి, పని చేసిపెట్టేవాళ్లకి ఉంటుందనుకుంటున్నా. సొంతంగా మొదలుపెడతాను."

"క్లయింట్లున్నారా?" అంది ఆమె.

"ఒకరున్నారు. ఫోన్ ఎత్తట్లేదు."

ఆమె పెదవి కొరుక్కుంది.

"ఇంకో మాట," అన్నాడతను. "మ్యాప్ పని మొదటి పూటే అయిపోయింది. ఆ తర్వాత వచ్చిందంతా మీకోసం."

ఆమె తువ్వాలు తెచ్చి అతని మీదకి విసిరింది.

"ముందు తుడుచుకోండి. పరుపులు తడుస్తున్నాయి."

నాన్నగారు కూతురి మొహం చూశారు. మెల్లగా గొంతు సవరించుకున్నారు.

"బాబూ, ఆదివారం మీ అమ్మగారు ఇంట్లోనే ఉంటారా?"

"ఆదివారమా? బేరాలెవరు చూస్తారు నాన్నా!" ఆమె విసుక్కుంది. "సోమవారం వెళ్దాం."