దారానికి కట్టిన రిమోట్

నాంపల్లి స్టేషన్ ఫుట్‌ఓవర్ బ్రిడ్జి మీద, మిట్టమధ్యాహ్నం, జనం చూస్తుండగానే అంజన్ చనిపోయాడు. ఎండదెబ్బ అనుకున్నారు అందరూ. ఎవరో మొహాన నీళ్లు చల్లారు. మూర్ఛేమో, చేతిలో తాళంచెవులు పెట్టండని ఓ ముసలాయన కేకేశాడు. మెడ వెనక దోమ కుట్టినంత సూదిగాటు ఉందని దవాఖానలో డాక్టరు చెప్పేదాకా అది హత్య అని ఎవరికీ తెలియలేదు.

అంజన్ ఫోను మాయమైంది. కానీ బ్రిడ్జి ఎక్కే ముందు అతను తన చీఫ్‌కి ఒక మెసేజ్ పంపగలిగాడు.

'ఫోన్లు కాదు సార్. టీవీ రిమోట్.'

ఆ మెసేజ్‌ని ఏజెంట్ విజయేందర్ మళ్లీ మళ్లీ చదివి, ఫోను బల్ల మీద పెట్టేశాడు. ఆబిడ్స్‌లో ఓ పాత కాంప్లెక్సు పై అంతస్తు అది. బయట ట్రావెల్స్ బోర్డు. లోపల కౌంటర్ ఇంటెలిజెన్స్ విభాగం. బల్లకి అవతల చీఫ్ బాలకిషన్ కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

"పిలగానికి ట్రెయినింగ్ ఇచ్చింది నువ్వే కదా విజయ్?"

"ఔ సార్."

"ఏడ్వాల్నంటే ఏడువు. నేను బయట నిలబడ్త."

"తర్వాత ఏడుస్త సార్. బ్రీఫింగ్ చెప్పండి."

బాలకిషన్ కళ్లజోడు పెట్టుకున్నాడు.

"టార్గెట్ పేరు బ్రూనో. విదేశీ పాస్‌పోర్టు. సినిమాలకు లొకేషన్లు చూస్తున్ననని చెప్పుకుంట నాంపల్లిల ఒక రూము కిరాయికి తీసుకున్నడు. రెండో అంతస్తు. ఎదురుంగ నవచంద్రిక లాడ్జి. మన విభాగంల ఎవడో అమ్ముడుపోయిండు. సరిహద్దు అవతల మనకోసం పని చేస్తున్నోళ్ల పేర్లు వాని చేతిల ఉన్నయ్. ఈ సాయంత్రం అవి బ్రూనోకు చేరాలె. ఫోను లేదు, ఇంటర్నెట్ లేదు, మనిషిని మనిషి కలుసుడు లేదు."

"ఇన్‌ఫ్రారెడ్," అన్నాడు విజయేందర్. "లాడ్జి కిటికీల నుంచి రిమోట్ నొక్కుతడు. ఆ వెలుతురు కంటికి కనబడది. ఇవతల బ్రూనో రిసీవర్ పెట్టుకొని అందుకుంటడు. సందు వెడల్పెంత, నాలుగు ఆటోలు పట్టేంత. రిమోట్‌కు అదేం దూరం కాదు."

"లాడ్జిల ఏ రూమో తెల్వది. ముందే తలుపులు కొడితే దొంగ జారుకుంటడు. సిగ్నల్ వచ్చేటప్పుడు పట్టాలె. దాన్ని పట్టే కిట్ ఢిల్లీ నుంచి రావాల్నంటే రేపటిదాకా పడ్తది."

"రేపటికి ఆ పేర్లున్నోళ్లు బతికుండరు సార్. రిసీవర్ నేను చేస్త."

బాలకిషన్ కిటికీ వైపు చూస్తూ అన్నాడు.

"బ్రూనో పక్కన మన డబుల్ ఏజెంట్ ఒకామె ఉన్నది. వాడు ఆమెను రాణి అని పిలుస్తడు."

"అసలు పేరు?"

"వనిత."

విజయేందర్ లేచి తలుపు దాకా వెళ్లి, అక్కడ కాస్త ఆగి, వెళ్లిపోయాడు.

మూడేళ్ల కిందట ఆబిడ్స్‌లోనే ఓ చిన్న ఫ్లాట్‌లో వనితా, విజయేందరూ మొగుడూపెళ్లాలుగా కాపురం పెట్టారు. అది ఒక ఆపరేషన్. పక్కింటి వాళ్లు బోనాలకు పిలిస్తే జంటగా వెళ్లారు. ఆపరేషన్ ముగిసిన రోజున ఇద్దరూ వేర్వేరు ఆటోలు ఎక్కారు. ఆ తర్వాత ఆమె బషీర్‌బాగ్‌లో బొటిక్ తెరిచింది. నల్లకళ్లద్దాలు, ఖరీదైన చీరలు, విదేశీ స్నేహితులు. రోడ్డు మీద ఎదురుపడినా ఇద్దరూ పలకరించుకోకూడదని ఆర్డరు. ఒకే ఒక్కసారి ఎదురుపడ్డారు. పలకరించుకోలేదు.

ఫ్లాట్ ఇంకా విభాగం చేతిలోనే ఉంది. విజయేందర్ తాళం తీసి, బెడ్‌రూమ్‌లో బీరువా పక్కకు జరిపాడు. స్విచ్‌బోర్డు బీరువా వెనక ఉండేది. "పొద్దంత నటించి వచ్చి మల్ల ఈ సందుల దూరుడు నాతోటి కాదు," అనేది వనిత. అందుకే అప్పట్లో అతను ఒక రిసీవర్ చేశాడు. పాడైన టీవీలోంచి శనగగింజంత సెన్సర్ ఊడబీకాడు. దానికి మూడు కాళ్లు. ఒక కాలికి పాత ఫోన్ చార్జర్ నుంచి కరెంటు, ఒకటి ఎర్త్‌కి, మూడోది ఒక చిన్న సర్క్యూట్ బోర్డుకి. బోర్డు నుంచి స్విచ్చులా పనిచేసే రిలేకి, రిలే నుంచి ఫ్యాన్‌కి, బెడ్‌లైటుకి. టీవీ రిమోట్‌లో ఎర్ర బటన్ నొక్కితే ఫ్యాను, పచ్చది నొక్కితే లైటు.

మొదటి రోజు ఫ్యాను దయ్యం పట్టినట్టు దానంతటదే తిరిగింది, ఆగింది. లోపం ఎక్కడుందో అతనికి అంతుపట్టలేదు. మంచం మీద పడుకుని చూస్తున్న వనిత చెప్పింది, "ట్యూబ్‌లైట్ ఆర్పి చూడు." నిజమే. ట్యూబ్‌లైట్ వెలుతురు సెన్సర్‌ని తికమక పెడుతోంది. ఆమె తన కాటుక డబ్బా మూతకి చిల్లు పెట్టి సెన్సర్‌కి టోపీలా తొడిగింది. చార్జర్ నుంచి వచ్చే కరెంటు నిలకడగా ఉండటానికి అతనొక కెపాసిటర్ అతికించాడు. ఆ తర్వాత అది ఒక్కరోజు కూడా తప్పు చేయలేదు.

ఇప్పుడు విజయేందర్ నేల మీద కూర్చుని రిలే తీగలు కత్తిరించాడు. బోర్డుని లాప్‌టాప్‌కి కలిపాడు. కాటుక డబ్బా మూత తీసి, క్యాలెండరు కాగితాన్ని గొట్టంలా చుట్టి సెన్సర్‌కి తొడిగాడు. గొట్టం ఎటు తిప్పితే అటు నుంచి వచ్చే వెలుతురే లోపలికి పోతుంది. రిమోట్ మీద ఒకటి నొక్కాడు. స్క్రీన్ మీద ఒకటి పడింది. ఏడు నొక్కాడు. ఏడు పడింది. అన్ని అంకెలూ సరిగ్గా పడేదాకా నొక్కుతూనే ఉన్నాడు.

ఎండ తగ్గుతుండగా సెట్‌టాప్ బాక్స్ మెకానిక్ వేషంలో నాంపల్లి చేరాడు. బ్రూనో రూముకి సరిగ్గా పైన, మూడో అంతస్తులో ఖాళీ గది. కిటికీ తెరిచి చూశాడు. ఎదురుగా లాడ్జి కిటికీలు. కింద బ్రూనో కిటికీ గట్టు అంచున నల్లగా ఒక మిడతంత పరికరం అతికించి ఉంది. వాళ్ల రిసీవర్.

ఫోను మోగింది.

"హలో, టైలర్ మొగులయ్యనా?"

వనిత గొంతు. మూడేళ్ల తర్వాత వింటున్నాడు.

"కాదు, రాంగ్ నంబర్."

"నా జాకెట్ ఈ పొద్దే కావాలె."

అంటే బ్రూనో సిద్ధంగా ఉన్నాడని. అతను అనవలసిన జవాబు ఒకటే ఉంది.

"జాకెట్లు కుట్టుడు బంద్ చేసినమ్మా."

కోడ్ అక్కడితో అయిపోయింది. ఆమె ఫోను పెట్టేయాలి. పెట్టలేదు.

"మంచిగ కుడుతుంటివి," అంది మెల్లగా. అప్పుడు పెట్టేసింది.

మెట్రో రైలు పైనుంచి వెళ్లింది. ఆ మోత సద్దుమణగగానే లాప్‌టాప్ మీద అంకెలు పడటం మొదలైంది. రెండేసి అంకెలకి ఒక అక్షరం. ఆ లెక్క వనిత ఎప్పుడో పంపింది. మొదటి పేరు మొదటి అక్షరం. రెండోది. విజయేందర్ గొట్టాన్ని ఒక్కో కిటికీ మీదుగా తిప్పాడు. అంకెలు ఆగాయి, మళ్లీ వచ్చాయి, ఆగాయి. ఒక్క కిటికీ దగ్గర మాత్రం ధారగా పడ్డాయి.

"సార్, నాలుగో అంతస్తు. ఎడమ నుంచి రెండో కిటికీ."

"మా పోరగాళ్లు మెట్లకాడ ఉన్నరు. జర టైమియ్యి," అన్నాడు బాలకిషన్.

టైమివ్వడానికి అతని దగ్గర ఉన్నది ఆ పాత టీవీ రిమోట్ ఒక్కటే. బటన్ నొక్కి ఉండేలా దానికి టేపు చుట్టేశాడు. దారం కట్టాడు. పై అంతస్తు ఆడవాళ్లు కూరగాయల కోసం బుట్ట దించినట్టు, మెల్లగా ఆ పరికరం ముందుకి దించాడు. రెండు వెలుతుర్లు కలగాపులగం అయ్యాయి. బ్రూనో రిసీవర్‌కి ఇక అక్షరం అందదు. సంతలో ఇద్దరు ఒకేసారి అరిస్తే ఎవరి మాటా వినబడనట్టు.

కింద కుర్చీ జరిగిన చప్పుడు.

"ఏదో అడ్డం వస్తోంది. బయట చూడాలి," ఇంగ్లీషులో బ్రూనో గొంతు.

"నువ్వు స్క్రీన్ వదలకు. నేను చూస్తాను," ఇంగ్లీషులోనే వనిత.

కిటికీలోంచి ఆమె తల బయటికి వచ్చింది. వేలాడుతున్న రిమోట్‌ని చూసింది. దారం వెంట కళ్లు పైకెత్తి అతన్ని చూసింది. మూడేళ్లలో చెంపల దగ్గర కాస్త చిక్కింది. నవ్వలేదు. ఇంకెంతసేపు అన్నట్టు కనుబొమలు ఎగరేసింది. అతను బొటనవేలూ చూపుడువేలూ దగ్గరకు తెచ్చి చూపించాడు. ఇంకొంచెం.

ఆమె తల ఊపింది. లోపలికి తిరిగి, రిమోట్ కనబడకుండా కిటికీ గట్టు మీద వీపు అడ్డంపెట్టి కూర్చుంది.

"పావురాలు," అంది.

"పక్కకు జరుగు రాణీ."

"ఉక్కగా ఉంది. గాలి తగలనీ."

"జరగమన్నాను."

ఆమె జరగలేదు. లావు పుస్తకం నేల మీద పడ్డట్టు ఒక చప్పుడైంది. సైలెన్సర్ చప్పుడు విజయేందర్‌కి బాగా తెలుసు.

పిస్టల్ నడుముకి ఉంది. మెట్లు వెనకే ఉన్నాయి. కానీ దారం వదిలితే రిమోట్ సందులో పడుతుంది, పేర్లు ఒక్కొక్కటే అవతలికి చేరతాయి. కింద కిటికీ చట్రాన్ని పట్టుకున్న ఆమె వేళ్లు కనబడుతున్నాయి. తెల్లబడిపోయిన వేళ్లు. రెండో చప్పుడైంది. వేళ్లు పట్టు వదల్లేదు. అతను దారాన్ని వేలికి ఇంకో చుట్టు చుట్టుకున్నాడు. కింది పెదవి పళ్ల మధ్య తెగి నోరంతా ఉప్పగా అయింది.

"దొరికిండు విజయ్," ఫోన్లో బాలకిషన్ గొంతు. "రిమోట్ చేతిల ఉండంగనే దొరికిండు. మన విభాగం రవికిరణ్."

విజయేందర్ దారం వదిలేశాడు.

బ్రూనో మెట్ల మలుపులో ఎదురయ్యాడు. పిస్టల్ ఎత్తేలోపే అతని మణికట్టు విరిగింది. తర్వాత ఏం కొట్టాడో, ఎన్ని దెబ్బలు కొట్టాడో విజయేందర్‌కి గుర్తులేదు. వెనకాల వచ్చిన విభాగం మనుషులు అతన్ని లాగి విడదీయవలసి వచ్చింది.

వనిత కిటికీ కింద గోడకి జారగిలబడి ఉంది. అతను పక్కన కూర్చుని ఆమె తల ఒళ్లోకి తీసుకున్నాడు.

"పేర్లు?" అంది.

"ఒక్క పేరు గూడ పోలే."

ఆమె ఊపిరి వదిలింది.

"నాకోసం నువ్వు ముందుగాలనే ఉరికొస్తవేమోనని... భయపడ్డ."

అతను నోరు తెరిచేలోపే ఆమె వినే స్థితి దాటిపోయింది.

దవాఖాన మార్చురీ దగ్గర ఓ ఉద్యోగి తలుపు తీసి అడిగాడు, "తీస్కపోయేటందుకు ఎవరొచ్చిన్రు? ఆమెకు మీరేమైతరు?"

విజయేందర్ నేల చూశాడు. పక్కన నిలబడ్డ బాలకిషన్, సర్వీసులో మొదటిసారి ఆర్డరు మీరి, "భర్త," అన్నాడు.

బయటి లోకానికి నిజం చెప్పడానికి వీల్లేదు. సరిహద్దు అవతల ఇంకా మనుషులున్నారు. అందుకని పేపర్లకి వేరే కథ వెళ్లింది. మర్నాడు ఆబిడ్స్‌లో ఓ ఇరానీ హోటల్లో విజయేందర్ చాయ్ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఎదుటి కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి పేపరు చదువుతూ తల అడ్డంగా ఊపాడు. నాంపల్లిలో టీవీ రిమోట్ కోసం గొడవ, మహిళ మృతి. లోపలి పేజీలో, చిన్న వార్త.

"జూడన్నా, గింతంత రిమోట్ కోసం పానం పోగొట్టుకునుడేంది? గంత మంచి ప్రోగ్రాం ఏమొస్తుండెనో," అన్నాడు.

విజయేందర్ చల్లారిన చాయ్ చివరిదాకా తాగాడు.

"ఏమొస్తుండెనో మనకేం ఎరుకన్నా," అన్నాడు. "ఆమె మాత్రం చానల్ మారనియ్యలే."