పత్తి గదిలో మూడో పాట

తెలంగాణ మొత్తంలో మొట్టమొదటి డెత్ మెటల్ బ్యాండు పెట్టిన మొనగాణ్ణి నేనే. మొత్తంలో అంటే, జనగామలో. జనగామలో అంటే, మా మొండయ్యోళ్ళ పత్తి గదిలో. మమ్మల్ని విన్నవాళ్ళలో ఎలుకలే ఎక్కువ.

ముగ్గురం డిగ్రీ దోస్తులం. మొండయ్య డ్రమ్ములు, హరిలాల్ గొంతు, నేను గిటారు. బ్యాండు పేరు బొందలగడ్డ, శ్మశానమన్నట్టు. ఉద్యమం రోజులు. ఊరూరా ధూంధాం పాటలు మోగుతుంటే మేము గొంతు చించుకొని అరిచే పాటలు కట్టినం. ఒకేసారి స్టేజీ ఎక్కినం, దీక్షా శిబిరంలో. హరిలాల్ మొదటి అరుపు అరవంగనే, మైకు ఖరాబైందనుకొని ఒకన్న వచ్చి వైరు పీకిండు. అదే మా మొదటి కచేరీ, అదే చివరిది.

మిగిలింది మూడు పాటలు. ఆ ఏడు ధర ఇంకా పెరుగుతదని మొండయ్య వాళ్ళ బాపు పత్తి అమ్మకుండ గది నిండా పోసిండు. పత్తి చప్పుడును మింగేస్తది. దాని నడుమ నిలబడి మాట్లాడితే మన గొంతే మనకు దూరంగా వినిపిస్తది. కిటికీ లేదు. గింజల చమురు వాసన, దాని వెనక సన్నగా పురుగుమందు వాసన. ఒకరి తర్వాత ఒకరం లోపలికి పోయి ఎవరి వంతు వాళ్ళం కంప్యూటర్లోకి ఎక్కించినం.

మొదటి రెండు పాటలు పిల్లచేష్టలే. వాటిలో నా గిటారు రేకు మీద గోర్లతో గీకినట్టుంటది. మూడోది అట్ల కాదు. అందులో హరిలాల్ గొంతు మట్టి కిందినుంచి వస్తది. గిటారు దాని వెనకే, ఎవరో ఏడ్చుకుంటూ వెంట నడుస్తున్నట్టు. డ్రమ్ములు ఒక దగ్గర తప్పిపోయి, మళ్ళీ దొరకబుచ్చుకుంటయి. ఆ తప్పు కూడా నాకిష్టం. అంత మంచి పాటను ఎవ్వరూ వినలేదు.

సకల జనుల సమ్మె నడుస్తుండంగ హరిలాల్‌కు జెరమొచ్చింది. నెల్లికుదురు దగ్గర వాళ్ళ తండా. బస్సులు బంద్. ఆటోలో వరంగల్ దవాఖానకు తీసుకపోతుంటే, తోడు పోయినోళ్ళు బస్సుల్లేవని పరేషాన్ అయిండ్రట. "నా ఒక్కని కోసం సమ్మె ఆపుతరా ఏంది," అని నవ్విండట. దారిలోనే పోయిండు.

నేను చెల్పూరులో, మా ఇంట్ల ఉన్న. మొండయ్య జనగామలో. ఇద్దరం మట్టికి కూడా అందలేదు.

వాళ్ళ తండాలో ఎవరన్నా పోతే ఆడవాళ్ళు శవం మీద పడి రాగం తీసి ఏడుస్తరు. ఎవరి రాగం వాళ్ళకు ఆ గడియలోనే పుడుతది. హరిలాల్ అవ్వ సీతాబాయి కొడుకు మీద ఏడ్చిన ఏడుపు మేము వినలేదు.

దినాలైనంక ఆమె జనగామకు వచ్చింది. కొడుకు ఫోటో ఒకటుంది, గొంతు లేదు.

"మీ డబ్బాల వాని గొంతున్నదట గద బిడ్డా. ఒక్కసారి ఇనిపియ్యుండ్రి."

మాకు భయమైంది. ఆ అరుపులు తల్లి ఎట్ల తట్టుకుంటది? వాడు మామూలుగా మాట్లాడిన ముక్క ఏదన్నా ఉంటదేమోనని అంతా వెతికినం. ఒక్కటీ లేదు.

మధ్యాహ్నం కరెంటు వచ్చిందాక ఆగి ముగ్గురం గదిలో కూచున్నం. పత్తి పోయింది, వాసన పోలేదు. తలుపు వేస్తే పట్టపగలే చీకటి. మూడో పాట పెట్టినం.

అరుపు మొదలైంది. ఆమె బెదరలేదు. చిన్నప్పుడు కోరింత దగ్గు లేస్తే గిట్లనే ఉంటుండె అనుకుంటూ, చెంప తీసుకపోయి స్పీకరుకు ఆనించింది. కండ్లు మూసుకుంది.

అప్పుడు గిటారు వచ్చింది.

ఆమె కండ్లు తెరిచింది. పెదవులు కదిలినయి... సన్నటి రాగం. గిటారు మలుపు తీసుకున్న కాడ ఆమె కూడా తీసుకుంది. కాదు... ఆమే ముందు. ఆమె వెనక గిటారు. ఆమె ఊపిరి కోసం ఆగింది. గిటారు ఆగింది. ఆమె అందుకుంది...

గిటారు అందుకుంది.

పాట అయిపోయింది. స్పీకరులో సన్నటి గుయ్యిమనే చప్పుడు. ఆమె గుసగుసగా అడిగింది.

"గిది నేను వాని మీద ఏడ్చిన ఏడుపు. వాడు బతికుండంగ దీన్ని ఎవలు వాయించిండ్రు?"

మొండయ్య నా దిక్కు చూపించిండు. ఆమె నన్ను చాలాసేపు చూసింది. కోపం లేదు. నా తల నిమిరింది.

"నీకు ముందుగాలనే ఎరుకైతే, జర చెప్పకపోతివా బిడ్డా."

ఆమెకు చెప్పంది ఇప్పుడు చెప్తున్న. నాకు గిటారు వాయించుడు రాదు. బ్యాండులో ఉండాలని వచ్చునన్న. మూడో పాటకు నా వంతు వచ్చిన రోజు, నా గీకుడు ఎవరూ చూడొద్దని తలుపుకు లోపలి నుంచి గొళ్ళెం పెట్టుకొని, రికార్డు నొక్కి, పత్తి మీద ఒరిగి నిద్రపోయిన. లేచేసరికి పాటలో గిటారు ఉంది. దోస్తులు మెచ్చుకుంటే కాలరు ఎగరేసిన. హరిలాలే వచ్చి నా ఇజ్జత్ కాపాడిండని లోపల్లోపల అనుకున్న. ఎన్నడన్నా అడగాలనుకున్న.

గొళ్ళెం మాత్రం నేను పెట్టింది పెట్టినట్టే ఉండె.